నరాలూ నిప్పు రాజేస్తాయి!

కీళ్లవాతం అనగానే రోగనిరోధక వ్యవస్థ దారి తప్పిందంటారు. అది నిజమే. కానీ కీలు వాచి, ఎర్రబడి, సలపరించడంలో నరాలకూ వాటా ఉంది. అవి నొప్పి కబురును మెదడుకు చేరవేసి ఊరుకోవు. వాపును పెంచే రసాయనాలను కీలులోకి తామే వదులుతాయి. వాటి పేరే న్యూరోపెప్టైడ్లు!

పక్షవాతం వచ్చి ఓ వైపు చెయ్యీ కాలూ చచ్చుబడిన మనిషికి, ఆ తర్వాత కొన్నాళ్లకు కీళ్లవాతం కూడా మొదలైతే ఏమవుతుంది? మామూలుగా ఈ జబ్బు రెండు వైపులా జతజతగా వస్తుంది. కుడిచేతి వేళ్లు వాస్తే ఎడమచేతి వేళ్లూ వాస్తాయి. కానీ ఇలాంటివారిలో ఓ విచిత్రం కనిపిస్తుంది. బాగున్న వైపు కీళ్లు వాచిపోతాయి. చచ్చుబడిన వైపు కీళ్లు మాత్రం చాలావరకు క్షేమంగా ఉండిపోతాయి!

బ్రిటన్‌కు చెందిన వైద్యులు థాంప్సన్, బైవాటర్స్ 1962లో ఈ సంగతిని వైద్య పత్రికలో రాశారు. పోలియోతో చచ్చుబడిన కాళ్లలోనూ ఇలాగే జరగడాన్ని వైద్యులు గమనించారు. రెండు వైపులా తిరిగేది ఒకే రక్తం. అందులోని తెల్ల రక్తకణాలూ అవే. మరి ఒకవైపు కీలు మండిపోతుంటే రెండోవైపు చల్లగా ఎందుకుంది? కదలిక తగ్గడం కూడా ఓ కారణం కావచ్చు. కానీ తేడా వచ్చింది నరాల దగ్గరే కాబట్టి, శాస్త్రవేత్తల చూపు నరాల మీదికి మళ్లింది.

ఏమిటీ జబ్బు?

వయసు మీదపడ్డాక మోకాళ్లు అరగడం వేరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ కీళ్లవాతం వేరు. ఇది ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లనూ పట్టుకుంటుంది. వందమందిలో ఒకరికో, అంతకంటే కాస్త తక్కువమందికో వస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

కీలు లోపల సైనోవియం అనే పల్చటి పొర ఉంటుంది. కీలు సాఫీగా కదలడానికి కావలసిన జిగురు ద్రవాన్ని తయారు చేసేది ఇదే. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలు పొరపాటున ఈ పొర మీదే దాడికి దిగుతాయి. పొర ఉబ్బి, మందంగా పెరిగి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరుక్కు తినడం మొదలుపెడుతుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ లాంటి రసాయనాలు ఈ మంటకు ఆజ్యం పోస్తాయి.

గమ్మత్తేమిటంటే మృదులాస్థిలో నరాలే ఉండవు. కానీ సైనోవియం పొరలో, దాని చుట్టూ ఉండే సంచిలో సన్నటి నరాల కొసలు దండిగా ఉంటాయి. ఈ కథలో అసలు పాత్రధారులు ఆ కొసలే.

గీత గీసి చూడండి

ముంజేతి మీద మొద్దుగా ఉన్న పెన్ను మూతతో కాస్త గట్టిగా ఓ గీత గీయండి. కొద్ది సెకన్లలో అక్కడ ఎర్రటి చార తేలుతుంది. కొందరిలో ఆ చారకు అటూ ఇటూ, గీత తగలని చోట కూడా చర్మం ఎర్రబడుతుంది. ఆ తర్వాత గీత ఉబ్బుతుంది. లండన్ వైద్యుడు థామస్ లూయిస్ 1920ల్లో దీన్ని క్షుణ్ణంగా పరిశీలించాడు. గీత తగలని చోట చర్మం ఎందుకు ఎర్రబడిందన్నదే ఆయన ప్రశ్న.

జవాబు నరాల్లో దొరికింది. నరం కొస చెట్టు కొమ్మలా చీలి ఉంటుంది. ఒక రెమ్మ దగ్గర దెబ్బ తగిలితే ఆ కబురు వెన్నుపాముకు వెళ్లడమే కాదు, దారిలో పక్క రెమ్మలోకీ మళ్లుతుంది. ఆ రెమ్మ చివర్లో ఏదో రసాయనం విడుదలై అక్కడి రక్తనాళాలు విప్పారతాయి. అందుకే ఎరుపు! నరం దెబ్బతిన్న చోట ఈ ఎరుపు రాదు. కుష్ఠు మచ్చను గుర్తించేందుకు వైద్యులు ఈ కిటుకును వాడుకున్నారు. హిస్టమిన్ చుక్క వేసి చిన్నగా గుచ్చితే మామూలు చర్మం చుట్టూ ఎర్రబడుతుంది. నరాలు దెబ్బతిన్న మచ్చ మీద ఆ ఎరుపు కనిపించదు.

అంతకుముందే, 1901లో, బేలిస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కుక్కల్లో ఇలాంటిదే చూశాడు. స్పర్శను, నొప్పిని వెన్నుపాముకు చేర్చే నరాలను ప్రేరేపిస్తే కాళ్లలో రక్తనాళాలు విప్పారాయి. అంటే కబురును లోపలికి మోసుకెళ్లాల్సిన నరం బయటికి కూడా ఏదో పంపుతోందన్నమాట.

మిరపకాయ చెప్పిన రహస్యం

హంగరీలో సెగెడ్ అని ఓ ఊరుంది. మనకు గుంటూరు ఎలాగో అక్కడివారికి మిరపకు సెగెడ్ అలాగ. ఆ ఊళ్లోని విశ్వవిద్యాలయంలో పనిచేసిన మిక్లోష్ యాంచో అనే శాస్త్రవేత్త మిరపకాయలోని కారానికి కారణమైన క్యాప్సైసిన్ మీద పరిశోధనలు చేశాడు. క్యాప్సైసిన్‌ను పదేపదే ఇస్తే జంతువుల్లో నొప్పి నరాల కొసలు మొద్దుబారిపోయాయి. ఆ తర్వాత ఆవనూనె లాంటి ఘాటు పదార్థాలు పూసినా చర్మం వాయలేదు! నరాన్ని కోసేసిన చోటా అంతే. ఆయన మరణించాక 1967లో భార్య, శిష్యుడు కలిసి ఈ ఫలితాలను ప్రచురించారు. వాపు నరాల వల్ల కూడా పుడుతుందనడానికి అది గట్టి సాక్ష్యం.

కారం తగిలితే మండేది ఎందుకో తేలడానికి మరో ముప్ఫయ్యేళ్లు పట్టింది. నరం కొస మీద వేడినీ, క్యాప్సైసిన్‌నూ ఒకేలా పసిగట్టే ద్వారం ఒకటుందని అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. దీనికిగాను ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మిరపకాయ కొరికితే నోరు 'కాలినట్లు' అనిపించడం ఉత్త భ్రమ కాదు. నరానికి రెండూ ఒకటే!

పొడిలో దొరికిన 'పి'

మరి నరం కొస నుంచి కారే ఆ రసాయనం ఏమిటి? అది అంతకు చాలాముందే దొరికింది. కాకపోతే దాని పని ఎవరికీ తెలియలేదు. 1931లో లండన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్, జాన్ గాడమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్రం మెదడు, పేగుల నుంచి ఓ పొడి తయారు చేశారు. అది రక్తపోటును తగ్గించింది, పేగును ముడుచుకునేలా చేసింది. ఏమిటో తెలియక దానికి 'సబ్‌స్టన్స్ పి' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

తర్వాత సుమారు నలభై ఏళ్లపాటు దాని నిర్మాణం తెలియలేదు. అమెరికా శాస్త్రవేత్త సుసాన్ లీమన్ పశువుల మెదడులో ఇంకేదో హార్మోను కోసం వెతుకుతుంటే, ఆ సారం ఎక్కించిన ఎలుకలకు నోట్లో లాలాజలం ఊరిపోయింది. వదిలేయకుండా దాని వెంటపడితే అది పాత సబ్‌స్టన్స్ పి అని తేలింది! 1971 నాటికి ఆమె బృందం దాని నిర్మాణాన్ని బయటపెట్టింది. కేవలం 11 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. ఇలా నరాల్లో తయారయ్యే చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలనే న్యూరోపెప్టైడ్లు అంటారు. 1980ల మొదట్లో సీజీఆర్‌పీ అనే మరొకటి బయటపడింది. ఇది 37 అమైనో ఆమ్లాలది. రక్తనాళాలను విప్పార్చడంలో దీన్ని మించింది అరుదు. నొప్పి నరాల కొసల్లో ఈ రెండూ చాలాచోట్ల కలిసే ఉంటాయి.

కీలులో ఏం జరుగుతుంది?

కీళ్లవాతం మొదలైన కీలును ఊహించుకోండి. రోగనిరోధక కణాలు వదిలిన రసాయనాలు నరం కొసను గిల్లుతాయి. నరం వెంటనే మెదడుకు నొప్పి కబురు పంపుతుంది. అదే సమయంలో తన కొస నుంచి సబ్‌స్టన్స్ పి, సీజీఆర్‌పీలను కీలు పొరలోకి వదులుతుంది. సీజీఆర్‌పీ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. కీలు ఎర్రబడి వేడెక్కుతుంది. సబ్‌స్టన్స్ పి రక్తనాళాల గోడల్లో సందులు చేస్తుంది. నీరు బయటికి కారి కీలు ఉబ్బుతుంది. ఆ సందుల్లోంచే మరిన్ని తెల్లకణాలు లోపలికి చొరబడతాయి.

ఇంతటితో ఆగదు. రోగుల కీలు పొర నుంచి తీసిన కణాలకు సబ్‌స్టన్స్ పిని తగిలిస్తే అవి ప్రోస్టాగ్లాండిన్లను, మృదులాస్థిని కరిగించే కొల్లాజినేజ్ అనే ఎంజైమును ఎక్కువగా విడుదల చేశాయని లాట్జ్ బృందం 1987లో వెల్లడించింది. మరుసటి ఏడాది, మనిషి రక్తంలోని మోనోసైట్ కణాలు దీని ప్రభావంతో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్లను వదులుతాయనీ తేలింది. ప్రోస్టాగ్లాండిన్లు, టీఎన్‌ఎఫ్ మళ్లీ వెళ్లి నరం కొసను మరింత సున్నితంగా మారుస్తాయి. నరం ఇంకాస్త పెప్టైడ్లను వదులుతుంది. పొయ్యిని ఒకరు ఊదుతుంటే ఇంకొకరు పుల్లలు ఎగదోసినట్లు... వాపు నొప్పిని, నొప్పి వాపును పెంచుకుంటూ పోతాయి.

ఏ కీలు ఎక్కువగా దెబ్బతింటుందన్న దానిలోనూ నరాల చేయి ఉండొచ్చు. కీళ్లవాతం తెప్పించిన ఎలుకల్లో మోకాలికంటే చీలమండ ఎక్కువగా పాడవుతుంది. జాన్ లెవిన్ బృందం 1984లో పరిశీలిస్తే, చీలమండలో సబ్‌స్టన్స్ పి ఉన్న నరాలు ఎక్కువగా కనిపించాయి. సబ్‌స్టన్స్ పిని మోకాలిలోకి ఎక్కిస్తే అక్కడా జబ్బు ముదిరింది. అంటే నిప్పు పుట్టించింది రోగనిరోధక వ్యవస్థే అయినా, ఎక్కడ ఎంత మండాలన్నది నరాలు కూడా నిర్ణయిస్తున్నాయన్నమాట.

ఆర్పే చేతులూ ఉన్నాయి

న్యూరోపెప్టైడ్లన్నీ చెడ్డవేం కావు. వాపును చల్లార్చేవీ ఉన్నాయి. 1970లో పంది పేగు నుంచి సమీ సయీద్, విక్టర్ మ్యూట్ వేరుచేసిన వీఐపీ అలాంటిదే. పేరు వీఐపీ అయినా పని మాత్రం శాంతి సంఘానిది! కీళ్లవాతం తెప్పించిన చిట్టెలుకలకు దీన్ని ఇస్తే వాపు, ఎముక అరుగుదల బాగా తగ్గాయని స్పెయిన్ శాస్త్రవేత్తలు 2001లో ప్రకటించారు. అయితే రక్తంలోకి వెళ్లిన వీఐపీ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. అందుకే అది మందుగా మారడం అంత తేలిక కాలేదు.

రోగుల కీలు పొరను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు మరో సంగతీ బయటపడింది. వాపును అదుపు చేయడంలో పాలుపంచుకునే సింపథెటిక్ నరాల కొసలు అక్కడ బాగా తగ్గిపోయి ఉంటాయి. సబ్‌స్టన్స్ పి వదిలే కొసలదే పైచేయి అవుతుంది. ఆర్పేవాళ్లు వెళ్లిపోయి, ఎగదోసేవాళ్లు మిగిలితే ఇల్లు ఏమవుతుంది?

మరి మందేదీ?

ఇంత తెలిశాక సబ్‌స్టన్స్ పికి అడ్డుకట్ట వేస్తే జబ్బు తగ్గిపోవాలి కదా! అందరూ అలాగే ఆశపడ్డారు. సబ్‌స్టన్స్ పి కూర్చునే పీటను ఆక్రమించే మందులు తయారయ్యాయి. జంతువుల్లో బాగా పనిచేశాయి. మనుషుల్లో మాత్రం నొప్పి మందులుగా నిరాశపరిచాయి. వాటిలో ఒకటైన అప్రెపిటెంట్ చివరికి వేరేచోట అక్కరకొచ్చింది. క్యాన్సర్ మందులతో వచ్చే వాంతులను ఆపేందుకు 2003లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి పార్శ్వపు తలనొప్పికి వచ్చాయి. వాటిలో ఒకదాన్ని మోకాళ్ల అరుగుదల నొప్పి మీద పరీక్షిస్తే ఫలితం దక్కలేదు.

కారణం ఊహించొచ్చు. కీలులో మంటను రాజేసేది ఒక్క రసాయనం కాదు. ఒక దారి మూస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది. జబ్బును నడిపించే ప్రధాన ఇంజను రోగనిరోధక వ్యవస్థే. అందుకే దాన్ని అదుపు చేసే మెథోట్రెక్సేట్ లాంటి మందులు, 1990ల చివర్లో వచ్చిన టీఎన్‌ఎఫ్ నిరోధక ఇంజెక్షన్లు నిలబడ్డాయి.

అయినా నరాల దారి పూర్తిగా మూసుకుపోలేదు. మెదడు నుంచి పొట్టదాకా దిగే వేగస్ నాడిని ప్రేరేపిస్తే టీఎన్‌ఎఫ్ తగ్గుతుందని కెవిన్ ట్రేసీ బృందం 2000లో జంతువుల్లో చూపించింది. 2016లో కొద్దిమంది రోగుల్లోనూ మంచి ఫలితాలు వచ్చాయి. మెడలో అమర్చి రోజుకు ఒక్క నిమిషంపాటు ఈ నాడిని ప్రేరేపించే మాత్రంత పరికరానికి 2025 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతినిచ్చింది. అయితే ఇది అందరికీ కాదు. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన జబ్బు ఉండి, ఆధునిక మందులకు లొంగనివారికి, అవి పడనివారికి మాత్రమే.

వాపు తగ్గినా నొప్పెందుకు?

కీళ్లవాతం ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి కదా, ఇంకా నొప్పేంటి?" మందులతో వాపు దిగుతుంది. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అదుపులోకొస్తాయి. అయినా కొందరికి నొప్పి వదలదు. అత్తగారికి అది నటనలా అనిపిస్తుంది. భర్తకు విసుగు. చివరికి ఆమెకే తన మీద అనుమానం మొదలవుతుంది.

న్యూరోపెప్టైడ్ల కథ తెలిస్తే ఆ అనుమానం అక్కర్లేదు. నెలల తరబడి పెప్టైడ్లు, ప్రోస్టాగ్లాండిన్ల తాకిడికి గురైన నరాలు సున్నితంగా మారిపోతాయి. వెన్నుపాములో, మెదడులో నొప్పిని అందుకునే చోట్లు కూడా చిన్న కబురుకే పెద్దగా స్పందించడం నేర్చుకుంటాయి. మంట ఆరినా గంట మోగుతూనే ఉంటుంది. ఆ నొప్పి కల్పన కాదు.

దీనికి తిరగేసిన సాక్ష్యం కూడా ఉంది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో రోగులకు టీఎన్‌ఎఫ్ నిరోధక ఇంజెక్షన్ ఇచ్చి మెదడును స్కాన్ చేశారు. కీలు వాపు ఇంకా తగ్గకముందే, ఒక్కరోజులోనే మెదడులో నొప్పికి సంబంధించిన అలజడి తగ్గింది! ఈ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వాపు, నొప్పి ఎప్పుడూ చేయి చేయి పట్టుకుని నడవవన్నమాట.

అందుకే నొప్పి తగ్గకపోతే దాన్ని డాక్టరుకు విడమర్చి చెప్పాలి. అది మిగిలిపోయిన వాపు వల్లా, సున్నితమైన నరాల వల్లా అన్నది పరీక్షించి తేల్చాల్సింది వారే. వాపు ఉంటే కీళ్లవాతం మందు మార్చాల్సి ఉంటుంది. నరాలదైతే మోతాదు పెంచుకుంటూ పోయి లాభం లేదు. క్రమం తప్పని తేలికపాటి వ్యాయామం, చాలినంత నిద్ర, మానసిక ఒత్తిడి తగ్గించుకోవడం, అవసరమైతే నొప్పి నరాలను నెమ్మదింపజేసే మందులు మేలు చేస్తాయి.

'నరాల బలం' మాయలో పడొద్దు

నరాల పాత్ర ఉందనగానే 'నరాల బలహీనత' అనుకోవడం పొరపాటు. ఇక్కడ నరాలు బలహీనపడలేదు. అతిగా పనిచేస్తున్నాయి. బలానికంటూ వేయించుకునే బీ విటమిన్ ఇంజెక్షన్లతో కీళ్లవాతం తగ్గదు. వాటితో నెలలు గడిపేస్తే ఈలోగా ఎముకలు అరిగిపోతాయి. ఒకసారి వంకరపోయిన వేళ్లను మందులు మళ్లీ నిటారుగా చేయలేవు.

క్యాప్సైసిన్ పూతమందులు ఉన్న మాట నిజం. అవి మొదట మండించి, ఆ తర్వాత నరం కొసలను మొద్దుబారుస్తాయి. ఎక్కువగా మోకాళ్ల అరుగుదల నొప్పికి వాడతారు. కీళ్లవాతాన్ని ఆపే శక్తి వాటికి లేదు. వంటింటి కారప్పొడిని కీళ్లకు పట్టించే సాహసం అసలే వద్దు. చర్మం కాలిపోతుంది.

గుర్తుంచుకోండి

* పొద్దున్న లేవగానే చేతివేళ్లు, మణికట్లు అరగంటకు మించి బిగుసుకుపోతున్నాయా? రెండు వైపులా చిన్న కీళ్లు వాస్తున్నాయా? ఇలా కొన్ని వారాలుగా ఉంటే ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టును కలవండి. మొదటి కొద్ది నెలల్లో మొదలుపెట్టిన చికిత్సే కీళ్లను కాపాడుతుంది.

* ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్షలో 'నెగెటివ్' వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. యాంటీ సీసీపీ పరీక్షతో పాటు డాక్టరు కీళ్లను చేత్తో తడిమి చూడటమూ ముఖ్యమే.

* కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏ వారమో క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. గర్భం కోరుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి. గర్భిణులు ఈ మందు వాడకూడదు.

* నొప్పి తగ్గిందని మందులు సొంతంగా మానొద్దు. తగ్గలేదని దుకాణంలో స్టెరాయిడ్ మాత్రలు కొని మింగొద్దు.

* ఇంట్లో కీళ్లవాతం ఉన్న మనిషి "నొప్పిగా ఉంది" అంటే నమ్మండి. రిపోర్టులో కనిపించని నొప్పి కూడా నరానికి తెలుసు.